జిమ్ ఫీజు సంగతి వదిలెయ్, ముందు తోడు వెతుక్కో

చిన్నీ,

మొన్న ఫోన్లో "పెదనాన్నా, జిమ్‌కి మూడు నెలల ఫీజు కట్టేశాను, ఎనిమిది రోజులు వెళ్ళాను, ఇక వెళ్ళబుద్ధి కావట్లేదు" అన్నావు చూడు, నాకు నవ్వొచ్చింది. నిన్ను చూసి కాదులే. డిగ్రీ కాలేజీలో ముప్ఫై ఏళ్ళు పీడీగా, అంటే ఆటలు ఆడించే ఫిజికల్ డైరెక్టర్‌గా చేసిన నేనే ఈ విషయంలో బోర్లా పడ్డాను.

ఒక ఏడు, పిల్లలందరూ పొద్దున్నే ఆరింటికి గ్రౌండుకి రావాల్సిందేనని రూలు పెట్టాను. హాజరు వేశాను, రానివాళ్ళకి ఇంటర్నల్ మార్కులు తగ్గుతాయని బెదిరించాను. అరవై మంది దాకా వచ్చారు. ఇన్‌స్పెక్షన్ అయిపోయి నేను రిజిస్టర్ మూసిన వారానికి గ్రౌండు ఖాళీ. ఒక్క నలుగురు ఆడపిల్లలు మాత్రం రెండు వేపచెట్ల మధ్య నైలాన్ తాడు కట్టి, చున్నీలు నడుముకి బిగించి రింగ్ ఆడుతున్నారు. తాడు మధ్యలో సాగి వేలాడేది, రింగ్ దాని పైనుంచి వెళ్ళిందా కిందనుంచి వెళ్ళిందా అని రోజూ పెద్ద రగడ. ఆ రగడ కోసమే వాళ్ళు లేచి వస్తున్నారని నా బుర్రకి ఎక్కడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది.

మీ ఓయూలోనే చూడు. కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడితే చాలు, చీకటితోనే పరుగులు మొదలు, మగపిల్లలకి 1600 మీటర్లు, ఆడపిల్లలకి 800. ఆ పట్టుదలని నేను తక్కువ చెయ్యను, వెనక ఇల్లు తరుముతుంటే ఎవరైనా పరుగెడతారు. కానీ ఫలితాలొచ్చాక ఎంతమంది గ్రౌండుకి వస్తున్నారో కనుక్కో. పని అయిపోయింది, పరుగూ అయిపోయింది. అక్క పెళ్ళి ఫోటోల్లో సన్నగా కనపడాలని నువ్వు మొదలెట్టిందీ ఆ బాపతే.

ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్ అని అమెరికాలో ఇద్దరు సైకాలజిస్టులు దీని మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. ఇది నా ఇష్టంతో చేస్తున్నాను, నాకు చేతనవుతోంది, నావాళ్ళు పక్కన ఉన్నారు అనిపిస్తే మనిషి పనిని వదలడని వాళ్ళు చెప్పేదాని సారాంశం. నా వేపచెట్ల పిల్లలకి ఆ మూడూ ఉన్నాయి. నీ జిమ్‌లో ఒక్కటీ లేదు.

అందుకని ముందు హాస్టల్ గేటు దగ్గర నిలబడి "దిగుతున్నావా లేదా" అని ఫోన్ చేసే రూమ్మేట్‌ని చూసుకో. ఆర్ట్స్ కాలేజీ రోడ్డు మీద పొద్దున్నే నడవచ్చు కదా అని నేను తేలిగ్గా అనేస్తాను గానీ, ఒక్కదానివే వెళితే ఎవరు చూస్తున్నారో అని ఆడపిల్లకి ఉండే టెన్షన్ నాకు తెలియంది కాదు, దాన్ని బద్ధకం అనేవాళ్ళ మాట అసలు పట్టించుకోకు. ఇద్దరు ముగ్గురు కలిస్తే అది సగం తగ్గుతుంది.

చేతి వాచీలో 10,000 అడుగులు నిండలేదని దిగులు పడుతుంటావే, ఆ లెక్క 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే మీటరు అమ్ముకోవడానికి పెట్టిన పేరులోంచి వచ్చింది, ఏ డాక్టరూ రాసిచ్చింది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అడిగేది వారానికి కనీసం 150 నిమిషాలు, కాస్త ఆయాసం వచ్చేలా. అంటే రోజుకి ఇరవై రెండు నిమిషాలు కూడా కాదు, మీ మెస్‌లో ఉప్మా క్యూ అంతకంటే పొడుగు.

సెమిస్టర్ పరీక్షలప్పుడు ఎలాగూ మానేస్తావు. మానేసెయ్. కానీ "ఇక అయిపోయింది" అనుకోకు. లండన్‌లో 96 మందిని గమనిస్తే కొత్త అలవాటు కుదరడానికి కొందరికి 18 రోజులు, కొందరికి 254 రోజుల దాకా పట్టేలా ఉందట, మధ్యలో ఒకరోజు తప్పినంత మాత్రాన పెద్దగా తేడా రాలేదట.

దసరాకి వచ్చేటప్పుడు ఒక రబ్బరు రింగ్ కొనుక్కురా. పెరట్లో తాడు నేను కడతాను. మీ పెద్దమ్మ కూడా ఆడతానంటోంది, మోకాళ్ళ నొప్పులని జాలి పడ్డావో, ఓడిపోతావు.

మీ పెదనాన్న