పరాయి సైనికుడి దుర్మార్గానికి అడ్డుపడితే మనవాడికి శిక్షా?

ప్రశ్న: నేను రిటైర్డ్ హవల్దార్‌ని. మాది శ్రీకాకుళం జిల్లా. మా అబ్బాయి కూడా ఆర్మీలోనే ఉన్నాడు. ఐక్యరాజ్యసమితి శాంతి దళంతో ఆఫ్రికా వెళ్లేవాళ్లలో వాడి పేరు వచ్చింది. ఆఫ్ఘనిస్తాన్‌లో ఒక పిల్లవాడి కోసం నిలబడి ఇద్దరు అమెరికన్ సైనికులు ఉద్యోగం మీదికి తెచ్చుకున్నారని ఈమధ్య చదివాను. రేపు మావాడి కళ్లెదుట వేరే దేశపు సైనికుడో, అక్కడి పోలీసో అలాంటి పని చేస్తే? అడ్డుపడితే కోర్టు మార్షల్ చేస్తారా? మావాడికి కోపం ఎక్కువ, అదే నా టెన్షన్.

జవాబు: అసలు పాయింటు మీరు చివరి వాక్యంలో చెప్పారు. అడ్డుపడినందుకు చట్టం మీవాడిని శిక్షించదు. అంతా అయిపోయాక చెయ్యి చేసుకుంటే మాత్రం ఇబ్బందే.

మీరు చదివింది 2011లో కుందుజ్ రాష్ట్రంలో జరిగిన సంగతి. ఒక తల్లి అమెరికన్ స్పెషల్ ఫోర్సెస్ క్యాంపుకి వచ్చి మొరపెట్టుకుంది. అక్కడి పోలీసు కమాండర్ తన కొడుకుని ఎత్తుకుపోయి, మంచానికి గొలుసుతో కట్టేసి పాడుచేస్తున్నాడని, అడగబోతే తననీ కొట్టారని చెప్పింది. ఆ పోలీసులు అమెరికా డబ్బుతో, అమెరికా శిక్షణతో నడిచేవాళ్లే. కెప్టెన్ డాన్ క్విన్ ఆ కమాండర్‌ని పిలిపించి అడిగాడు. అతను ఒప్పుకున్నాడు, పైగా నవ్వాడు. క్విన్, సార్జెంట్ చార్లెస్ మార్ట్‌లాండ్ కలిసి అతన్ని ఎత్తి నేలకేసి కొట్టారు. ఇద్దరినీ వెనక్కి పంపేశారు. క్విన్ తర్వాత ఆర్మీ వదిలేశాడు. మార్ట్‌లాండ్‌ని సాగనంపాలని చూశారు గానీ, చట్టసభ సభ్యులు గొడవ చేయడంతో 2016లో ఆర్మీ వెనక్కి తగ్గింది.

కంప్లయింట్ ఇచ్చి ఊరుకోవచ్చు కదా అంటారేమో. అంతకుముందు ఇచ్చారు. పొలంలో పని చేసుకుంటున్న చిన్నపిల్లని ఇంకో కమాండర్ చెరిస్తే, క్విన్ ఆ రాష్ట్ర పోలీసు అధికారికి చెప్పాడు. పడిన శిక్ష ఒక్కరోజు జైలు. ఆ తర్వాత ఆ పిల్లని అతనికే ఇచ్చి పెళ్లి చేశారు. ఇది చదివితే నాకే చెయ్యి ఊరుకోదు. కానీ కోర్టులో నిలబడినప్పుడు కోపం పనికిరాదు, సెక్షన్లే కావాలి.

భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 34, 35 సెక్షన్ల ప్రకారం మన ఒంటినే కాదు, ఎవరి ఒంటినైనా కాపాడటానికి బలం వాడొచ్చు. అత్యాచారం జరుగుతుంటే 38వ సెక్షన్ ప్రాణం తీసేదాకా కూడా అనుమతిస్తుంది. అయితే అవసరానికి మించి కొట్టకూడదని 37 అంటుంది. ప్రమాదం దాటిపోతే ఆ హక్కూ పోతుంది. గదిలోంచి అరుపులు వినిపించి, మీవాడు తలుపు తన్ని లోపలికి వెళ్లి వాడిని లాగి పడేశాడనుకోండి, చట్టం అతని పక్షాన ఉంటుంది. మర్నాడు మెస్ దగ్గర వాడు ఎదురుపడితే లెంపకాయ కొట్టాడనుకోండి, అది దాడి కేసే. ఆర్మీ చట్టం 69వ సెక్షన్ దేశం దాటినా వెంట వస్తుంది. కుందుజ్‌లో జరిగింది ఈ రెండో రకం. కమాండర్‌ని క్యాంపుకి పిలిపించి, మాట్లాడి, ఆ తర్వాత కొట్టారు. నా మటుకు నాకు అది మందలింపుతో పోవాల్సిన తప్పు. దానికి ఉద్యోగం తీసేయబోవడం అన్యాయం.

“నువ్వు చూడనట్టు ఉండు” అని పైవాళ్లు అంటే? ఆర్మీ చట్టం 41వ సెక్షన్ కింద తప్పు అయ్యేది చట్టబద్ధమైన ఆర్డరు మీరినప్పుడే. అటువైపు వెళ్లొద్దంటే అది భద్రత కోసం ఇచ్చిన ఆర్డరు కావచ్చు, వినాలి. రిపోర్టే రాయొద్దంటే అది చట్టబద్ధమని నేను అనుకోను. ఇదే చట్టంలో 64వ సెక్షన్ ఒకటుంది. తన కింది జవాను ఎవరినైనా కొట్టాడనో, సంతలో అల్లరి చేశాడనో ఫిర్యాదు వస్తే పట్టించుకోని అధికారిదే నేరం అంటుంది. సంత గొడవకి కూడా సెక్షన్ ఉంది, వేరే దేశపు సైనికుడు చేసే ఘోరానికి లేదు. ఎందుకంటే అది “తన కింది వాళ్ల”కే పరిమితం.

రిపోర్టు ఎలా ఇవ్వాలన్నది మీకు నేను చెప్పక్కర్లేదు, కానీ అబ్బాయికి మీరు చెప్పాలి. రంజిత్ ఠాకూర్ అనే జవానుకి, తన సీఓ (యూనిట్ కమాండింగ్ ఆఫీసరు) మీద ఫిర్యాదుని వరస తప్పించి నేరుగా పైవాళ్లకి పంపినందుకు 28 రోజుల శిక్ష పడింది. ఆ శిక్షలో ఉండగా అన్నం తినమంటే తిననన్నాడని సమ్మరీ కోర్టు మార్షల్ (యూనిట్‌లోనే క్లుప్తంగా ముగించే సైనిక విచారణ) చేసి, ఏడాది జైలు వేసి, ఉద్యోగం పీకేశారు. కూర్చుని తీర్పు చెప్పింది ఆ సీఓనే. 1987లో సుప్రీంకోర్టు అదంతా కొట్టేసింది, తప్పుకీ శిక్షకీ పొంతన లేదంది. గెలిచాడు, నిజమే. ఆ మధ్యలో గడిపిన రోజులు మాత్రం ఎవరూ తిరిగివ్వలేరు.

కాబట్టి సీఓకి రాతపూర్వకంగా ఇవ్వమనండి. తేదీ, టైము, చోటు, చూసింది ఏమిటి, విన్నది ఏమిటి, పక్కన ఎవరున్నారు. కామెంట్లు వద్దు. ఇచ్చినట్టు సంతకం తీసుకోవాలి. జవాబు రాకపోతే ఆర్మీ చట్టం 26వ సెక్షన్ కింద ఫిర్యాదు అతనికి సరిపోదు, అది జవాను తనకే జరిగిన అన్యాయం మీద ఇచ్చుకునేది. మళ్లీ రాయాలి, సీఓ ద్వారానే పైకి పంపమని కోరాలి. ఐక్యరాజ్యసమితి మిషన్‌లో ఇలాంటి ఫిర్యాదులు తీసుకునే విభాగం ఉంటుంది, వెళ్లిన మొదటి వారంలోనే అదెక్కడో తెలుసుకోవాలి. కాల్పుల రూల్స్ కార్డు ఇస్తారు, జనాన్ని కాపాడటానికి బలం ఎప్పుడు వాడొచ్చో దాన్లో చదువుకోవాలి.

ఫోన్ విషయంలో గట్టిగా చెప్పండి. వీడియో తీసి వాట్సాప్‌లో తోటివాళ్లకి పంపితే పిల్లవాడి కేసు పక్కకిపోయి మీవాడి కేసు మొదలవుతుంది. 2012లో జేసన్ బ్రెజ్లర్ అనే అమెరికన్ మెరీన్ మేజర్, పిల్లల్ని వేధిస్తాడని పేరున్న ఒక పోలీసు అధికారి గురించి తోటివాళ్లని హెచ్చరించాడు. పంపింది రహస్య పత్రం, అదీ సొంత ఈమెయిల్ నుంచి. ఆ ఆగస్టులో ఆ అధికారి దగ్గర పనిచేసే కుర్రాడే తుపాకీతో ముగ్గురు మెరీన్లని చంపేశాడు. హెచ్చరిక నిజమైంది, అయినా మేజర్ మీద విచారణ బోర్డు కూర్చుని సర్వీసు నుంచి పంపేయాలంది. 2016లో కోర్టు ఆ నిర్ణయాన్ని రద్దు చేసేదాకా నలిగిపోయాడు.

ఒకవేళ షోకాజ్ నోటీసే వస్తే గడువులోగా జవాబివ్వండి, సీఓకి ఇచ్చిన మొదటి రిపోర్టు కాపీ జత చేయండి. సర్వీసు విషయమైతే తుది ఆర్డరు వచ్చిన ఆరు నెలల్లో సాయుధ దళాల ట్రిబ్యునల్‌కి వెళ్లాలి. మన రెండు రాష్ట్రాలకీ చెన్నై బెంచి.