పాత విగ్రహం కొని మోసపోయానా? ముందు దాని వయసు తేల్చండి

ప్రశ్న: మాది విజయనగరం, ఉద్యోగం హైదరాబాద్‌లో. ఎక్కడికెళ్లినా పాత సామాన్ల షాపులు తిరగడం నాకు పిచ్చి. 2024 అక్టోబరులో సిరిమాను పండగకి ఊరొచ్చినప్పుడు గంటస్తంభం దగ్గర్లో ఒక షాపులో జానెడు పంచలోహ వేణుగోపాలుడి విగ్రహం 85 వేలకి కొన్నాను. 20 వేలు ఫోన్‌పే చేశా, మిగతాది క్యాష్, బిల్లు లేదు. జమీందారు ఇంట్లోదని, నూటయాభై ఏళ్లు గ్యారంటీ అని వాట్సాప్‌లో కూడా పెట్టాడు. ఈమధ్య బుడితి ఇత్తడి పని తెలిసిన పెద్దాయన చూసి, ఇది కొత్త పోత, మట్టిలో పాతిపెట్టి పాతదానిలా చేశారన్నారు. షాపాయన్ని నిలదీస్తే 40 వేలు ఇస్తాను, విగ్రహం తెచ్చిచ్చి చాటింగ్ డిలీట్ చెయ్యమని మెసేజ్ పెట్టాడు. అమెరికాలో ఉన్న మా బావగారేమో ఇత్తడి బొమ్మ అని రాసి కొరియర్ చేసేయ్, నేను ఉంచుకుంటా అంటున్నారు. ఇంట్లో మాటలు పడలేకపోతున్నాను. 420 కేసు పెట్టొచ్చా?

జవాబు: మీ ఉత్తరంలో సగానికి పైగా ఇంట్లో గొడవలే, వాటికి నా దగ్గర మందు లేదండీ. మీ కేసంతా ఒక్క విషయం మీద ఉంది, ఆ విగ్రహానికి వందేళ్లు నిండాయా లేదా. అది మీకూ తెలీదు, నాకూ తెలీదు, ఆ పెద్దాయన నోటిమాట కోర్టులో నిలబడదు.

వందేళ్లే ఎందుకంటే 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన లోహ విగ్రహం పురావస్తువు కిందకి వస్తుంది. కొత్తదైతే మీరు మోసపోయిన కస్టమరు, డబ్బు అడిగే హక్కు మీది. నిజంగా పాతదైతే వయసు విషయంలో షాపాయన అబద్ధం ఆడలేదు కాబట్టి మోసం కేసు సగం పోయినట్టే, పైగా లైసెన్సు లేకుండా అమ్మితే అతనిది తప్పు, కొన్న 15 రోజుల్లో రిజిస్టర్ చేయించనందుకు మీదీ తప్పు. మీరు కొత్తదని తేలితే చాలనుకుంటున్నారు గానీ రెండో వైపు అసలు చూసుకోలేదు.

ఆ రెండో వైపే నన్ను భయపెడుతోంది. మీరు పంపిన ఫొటోల్లో మూడోది జూమ్ చేసి చూడండి. పీఠం వెనక ఆకురాయితో అరగదీసినట్టు వరసగా సన్నటి గీతలున్నాయి, ఎడమ చివర ‘శ్రీ’ అనే అక్షరంలో సగం ఇంకా కనిపిస్తోంది. మన ఊళ్లలో గుడికి గిన్నె ఇచ్చినా దాని మీద పేరు చెక్కిస్తారు, ఆ పేరు ఎవరో కావాలని చెరిపేశారంటే అది ఏదో గుడిదై ఉండొచ్చు. పాతదని నమ్మించడానికి చేసిన పనైనా కావచ్చు, కాదనను. కానీ దొంగసొత్తని తెలిసి, లేదా అనుమానించడానికి కారణం ఉండి కూడా దగ్గర ఉంచుకుంటే బీఎన్ఎస్ (పాత ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహిత) సెక్షన్ 317 కింద మూడేళ్ల దాకా జైలు. ఇన్నాళ్లూ తెలీదన్నారు సరే, ఇది చదివాక ఆ మాట అనలేరు.

అందుకే కొరియర్ మాట మళ్లీ ఎత్తకండి. ప్రైవేటు వ్యక్తి పురావస్తువుని దేశం దాటించడం నేరం, ఆరు నెలలకి తక్కువ కాకుండా మూడేళ్ల వరకు శిక్ష ఉంది. ఇత్తడి బొమ్మ అని తప్పుడు డిక్లరేషన్ రాస్తే తెలీక చేశానని చెప్పుకునే దారి కూడా పోతుంది. మీ బావగారు అక్కడ హాయిగా ఉంటారు, కస్టమ్స్ వాళ్లు పిలిచేది మిమ్మల్నే. ఓఎల్ఎక్స్‌లో పెట్టి వదిలించుకుందామన్నా అదే ప్రమాదం.

40 వేల బేరం అయితే ఇంకా దారుణం. విగ్రహం ఇచ్చేసి చాటింగ్ తీసేస్తే మీ చేతిలో ఏం మిగుల్తుంది చెప్పండి? 85 వేల వస్తువుని బిల్లు లేకుండా, 65 వేలు చేతికిచ్చి ఎలా కొన్నారండీ, చదువుకున్నవాళ్లే ఇలా చేస్తే ఎలా. ఇప్పుడు మీకున్న ఆధారం ఆ 20 వేల ఫోన్‌పే, ‘నూటయాభై ఏళ్లు గ్యారంటీ’ అన్న మెసేజ్, చాటింగ్ డిలీట్ చెయ్యమన్న మెసేజ్, ఇంతే. ఒక్క స్క్రీన్‌షాట్‌తో సరిపెట్టకండి, ఫోన్ మార్చకండి, చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి, దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం (కొత్త సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్ జత చెయ్యాలి. క్యాష్ ఇచ్చినప్పుడు పక్కన ఎవరున్నారో వాళ్ల అఫిడవిట్, ఆ రోజు ఏటీఎంలో తీసుంటే బ్యాంకు స్టేట్‌మెంటు కావాలి.

420 ఇప్పుడు లేదు, మీ కొనుగోలు 2024 జులై తర్వాతది కాబట్టి బీఎన్ఎస్ 318(4). పెట్టొచ్చు, కానీ వయసు తేలకుండా స్టేషన్‌కి వెళ్తే సివిల్ మేటరని పంపించేస్తారు. డబ్బు కోసం దగ్గరి దారి వినియోగదారుల కమిషన్, దానికి గడువు రెండేళ్లు, అంటే 2026 అక్టోబరు. మోసం ఈమధ్యే తెలిసింది కదా, అప్పట్నుంచి లెక్కేస్తారని ఎవరైనా చెప్తే ఆ ధైర్యంతో కూర్చోకండి, ఆలస్యాన్ని క్షమించమని అడుక్కునే కేసు మొదటి రోజే నీరసపడిపోతుంది. ఐదు లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు, మీరు ఉండేది హైదరాబాద్ కాబట్టి అక్కడే వెయ్యొచ్చు.

ముందు షాపుకి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. అదే వారం ఏఎస్ఐ (కేంద్ర పురావస్తు శాఖ) అమరావతి సర్కిల్‌కి ఫొటోలతో లెటర్ రాయండి, ఎప్పుడు ఎక్కడ కొన్నారో దాచకుండా, పురావస్తువో కాదో తేల్చమని, అవునంటే రిజిస్టర్ చేసుకోమని. పురావస్తువా కాదా అన్నదానిలో ఆ శాఖదే ఆఖరి మాట. అరిగిన అక్షరాల సంగతి చెప్తూ పోలీసులకి, దేవాదాయ శాఖకి కాపీలు పెట్టి రసీదు తీసుకోండి. గుడిదని తేలితే విగ్రహం పోతుంది, తప్పదు, కానీ హక్కు లేనిది అమ్మినందుకు షాపాయన దగ్గర డబ్బు రాబట్టుకోవచ్చు. ఏఎస్ఐ జవాబు రాలేదని ఆగిపోకండి, గడువులోపు ఫిర్యాదు వేసేసి పరీక్ష చేయించమని కమిషన్‌నే అడగండి.

విగ్రహాన్ని చింతపండు పెట్టి తోమకండి, ఆ మట్టీ ఆ గీతలూ ఉన్నవి ఉన్నట్టే ఉండాలి. పీఠం అడుగు భాగం ఫొటో రాలేదు, పక్కన స్కేలు పెట్టి తీసి పంపండి, నోటీసులో దాని వివరం రాయాలి.