దుబాసి ఇంటికెళ్ళి ఏం తిన్నాడు?

చిరంజీవి బుజ్జికి, బాబాయి ఆశీస్సులు.

నువ్వు పంపిన నీ నవల మూడు అధ్యాయాలూ నిన్న రాత్రి చదివాను. ప్రింట్ తీయించి పంపి మంచి పని చేశావు, ఫోన్‌లో చదివితే నాకు కళ్ళు లాగుతాయి. ఓడలెక్కి వచ్చిన పరాయి దొరలు, వాళ్ళ కింద నలిగే కొండరాజ్యం, అరచేతిలో నిప్పు పుట్టించే పిల్ల. కథ పట్టుకుంది. ఆ పిల్ల వంతెన తగలబెట్టే చోట నా కాఫీ చల్లారిపోయింది, చూసుకోలేదు. కాబట్టి ఇప్పుడు ధైర్యంగా తిడతాను.

ముందు ఆ పదకొండు పేజీల ఉపోద్ఘాతం తీసెయ్. ఏడు తరాల రాజుల చరిత్ర ఎవరికమ్మా? నా మొదటి నవలకి నేనూ ఇదే చేశాను. ఒక వారపత్రిక సంపాదకుడు రాతప్రతి తిప్పి పంపుతూ, "రాజుగారి ముత్తాత సంగతి తెలిసింది, రాజుగారు ఎప్పుడొస్తారు?" అని ఒక్క ముక్క రాశాడు. నాలుగు నెలలు అలిగి కూర్చున్నాను. ఆయన అన్నది నిజమని ఒప్పుకోవడానికి ఇంకో ఏడాది పట్టింది. ఆ కాగితాలు చింపెయ్యకు, నీ దగ్గర పెట్టుకో. రాసేటప్పుడు నీకు పనికొస్తాయి.

అసలు లోపం వేరే ఉంది. నీ దొరల కోటలూ జెండాలూ కనబడుతున్నాయి గానీ, వాళ్ళు కొండవాడి ఇంట్లోంచి ఏం పట్టుకుపోతున్నారో కనబడలేదు. "క్రూరమైన పన్నులు" అని రాశావు. దేని మీద పన్ను? ఎవడొచ్చి వసూలు చేస్తాడు? మన రంపలో, అదే గోదావరి మన్యంలో, 1879లో లేచిన తిరుగుబాటు చూడు. గొడవ ముదిరింది కల్లు దగ్గర. కొండవాడికి ఎండాకాలంలో జీలుగు చెట్టు కల్లు సగం తిండి. ఇంట్లో తాగడానికి కూడా చెట్టు గియ్యకూడదన్నారు, కల్లు హక్కులు గుత్తేదార్లకిచ్చారు. దానిమీద మన్సబుదారు, అంటే ఆ కొండల జమీందారు, వసూలు చేసే చిగురుపన్ను, కల్లు గీత మీద పన్ను. అప్పిచ్చిన మైదానపు వర్తకుడు కోర్టు డిక్రీ పట్టుకొచ్చి పశువుల్ని తోలుకుపోయేవాడు. ఆ డిక్రీ ఏ భాషలో ఉందో, అందులో ఏం రాసుందో పశువు పోయినవాడికి ఎలా తెలుస్తుంది? తెల్లదొర ఇందులో ఎక్కడా ఎదురుపడడు. గుమ్మంలోకొచ్చిన ప్రతివాడూ మనవాడే.

ఆ తర్వాత 1882 అటవీ చట్టం వచ్చి పోడు మీద, అడవి నరికి కాల్చి చేసే సేద్యం మీద పడింది. అల్లూరి సీతారామరాజు తిరుగుబాటు మొదలైన 1922కి ముందు నర్సీపట్నం నుంచి చింతపల్లికి రోడ్డు వేయిస్తూ కూలి సరిగ్గా ఇవ్వలేదు. నీ నవల్లోనూ అలాంటి రోడ్డు ఒకటి ఉండాలి. ఎవరి కోసం వేస్తున్నారో తెలియకుండా ఆ పిల్ల తండ్రి దాని మీద రాళ్ళు మొయ్యాలి. అప్పుడు ఆమె వంతెన తగలబెడితే నా కాఫీ ఒక్కటే కాదు, గ్లాసు కూడా కింద పడుతుంది.

నీ రెండో అధ్యాయంలో దుబాసి ఒకడున్నాడు, దొరకీ కొండవాడికీ మధ్య మాట మార్చి చెప్పేవాడు. ఆరు వాక్యాలు చెప్పి మాయమయ్యాడు. నా లెక్కలో నీ పుస్తకం మొత్తానికి వాడే పెద్ద పాత్ర. దొర తిట్టిన తిట్టుని వాడు మెత్తగా మార్చి చెబుతాడు, కొండవాడి శాపాన్ని విన్నపంగా మార్చి చెబుతాడు. ఇద్దరి మాటా నిజంగా విన్నది వాడొక్కడే. రాత్రి ఇంటికెళ్ళి పెళ్ళాంతో ఏం మాట్లాడతాడు? కొండనుంచి దించిన ధాన్యమే వాడి కంచంలో ఉంటే ముద్ద దిగుతుందా? అది రాయి.

మాట అంటే గుర్తొచ్చింది. నీ పాత్రలన్నీ ఒకళ్ళనొకళ్ళు "మీరు" అనుకుంటున్నాయి, పెళ్ళిచూపుల్లో లాగా. కుర్ర దొర డెబ్భై ఏళ్ళ కొండపెద్దని "ఏరా" అనాలి. ఆ ఒక్క పిలుపుతో రెండు పేజీల అణచివేత వర్ణన రాసే పని తప్పుతుంది నీకు. ఎప్పుడో పదో అధ్యాయంలో ఆ పెద్ద నింపాదిగా, గొంతు పెంచకుండా, దొరని "నువ్వు" అనాలి. తిరుగుబాటు అక్కడ మొదలుపెట్టు, కత్తులు తర్వాత. పేర్లు కూడా మార్చు. నోరు తిరగని ఆ జకారాలు దొరలకి వదిలేసి, కొండ ఊళ్ళకి వాక, వలస, పాడు తగిలించు. నోటికి ఎక్కుతాయి.

ఇక మంత్రశక్తి. అల్లూరికి తూటా తగలదని మన్యంలో నమ్మారు. వస్తున్నానని ముందే చెప్పే మిరపకాయ టపా పంపి మరీ దాడికి వచ్చేవాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. కానీ చేసిన పని చూడు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి, మూడు రోజుల్లో మూడు పోలీస్ స్టేషన్లు. పట్టుకెళ్ళిన తుపాకులూ తూటాలూ స్టేషన్ పుస్తకంలోనే లెక్క రాసి సంతకం పెట్టాడు. నాకు ఆ సంతకం ముందు ఏ అగ్గిమంత్రమూ ఆనదు. దొంగతనం కాదు, జప్తు అని వాళ్ళ పుస్తకంలోనే రాసి చెప్పడం! నీ పిల్లకీ అలాంటి పొగరు ఒకటి పెట్టు. ఆమె నిప్పు గురించి ఊళ్ళో పదిరకాలుగా చెప్పుకోనీ, నిజంగా ఎంతుందో చివరిదాకా తేల్చకు. నిప్పు పుట్టించిన ప్రతిసారీ ఏదో పోవాలి కూడా. లేకపోతే మూడో యుద్ధానికి పాఠకుడికి టెన్షన్ ఉండదు.

యుద్ధాలు తగ్గించు, తిండి పెంచు. అడవిలో రెండు వందల మంది దాక్కుంటే రోజూ బియ్యం ఎవరు మోస్తారు, ఉప్పు ఎక్కడిది, పొగ కనబడకుండా ఎలా వండుతారు? మన్యంలో అల్లూరి పోరాటం 1924 మే దాకా సాగింది, చివరికి అస్సాం రైఫిల్స్‌ని దించారు. అన్నాళ్ళు సాగిందంటే ఏదో ఊళ్ళో ఎవరో రోజూ పొయ్యి వెలిగించబట్టే. ఆ వండినామె నీ కథలో ఎక్కడుంది?

సెలవుల్లో వీలు చూసుకుని రా, కృష్ణదేవిపేట తీసుకెళ్తాను. అక్కడ అల్లూరి సమాధి చూసొచ్చాక ఘాట్ రోడ్డు మీద కాస్త దూరం నడుద్దాం. ఎక్కుతుంటే ఊపిరి ఎక్కడ ఆగుతుందో తెలుస్తుంది, నీ సైనికుల్ని మరీ అంత పరుగెత్తించవు. ఈలోగా దుబాసి రాత్రి భోజనం రాసి పంపు. మీ అమ్మ పంపిన మాగాయ అందిందని చెప్పు, ఉప్పు కాస్త ఎక్కువైందని మాత్రం చెప్పకు.

మీ బాబాయి