మండెలో చెయ్యి పెట్టి చూడు

బుజ్జమ్మా,

ఈసారి దాళ్వా వరి, అదే చలికాలంలో వేసే రెండో పంట, రెండెకరాలూ నువ్వే చేస్తానన్నావని నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మీ నాన్నకి గుండె ఆపరేషనయ్యాక చేను కౌలుకిచ్చేస్తారనే అనుకున్నాను. రాత్రి అన్నం సయించలేదు. తెల్లారేసరికి టీ కొట్టు దగ్గర మాత్రం, మా మేనకోడలు వ్యవసాయం చేస్తోందని నలుగురికీ నేనే చెప్పుకొచ్చాను.

చేను బురదగా దున్నే దమ్ము సంగతి ట్రాక్టరబ్బాయి చూసుకుంటాడు. విత్తనం ఎం.టి.యు. 1121 రకం అన్నావు, మంచిదే. ఎకరాకి 25 కిలోలు, నారు పెంచడానికి 5 సెంట్ల ఆకుమడి. 24 గంటలు నానబెట్టు. నా భయమల్లా ఆ తర్వాత మండె కట్టినప్పుడే, అంటే నానిన విత్తనాన్ని మొలకెత్తడానికి బస్తాల్లో కప్పి ఉంచినప్పుడే.

వరి గింజ 30 డిగ్రీల దగ్గర హాయిగా మొలుస్తుంది. పదికి దిగితే కదలదు, 45 దాటితే చస్తుంది. డిసెంబరు రాత్రుళ్లు చలి కాబట్టి, వానాకాలం పంట సార్వాలో ఒక్క రోజుకి వచ్చే మొలక దాళ్వాలో రెండు రోజులు తీసుకుంటుంది. ఆ ఆలస్యానికి ఓపిక పట్టలేకే నేను మునిగాను.

మీ అమ్మ పెళ్లయిన ఏడాది. పెళ్లి అప్పుల పని మీద తాతయ్య ఊళ్లో లేరు. నాలుగు బస్తాల విత్తనం నానేసి, ఒకదాని మీద ఒకటి పేర్చాను. చలికి మొలవదేమోనని గడ్డి కప్పాను, దాని మీద గోనెలు, ఆపైన దుప్పటి. మర్నాటికి ముక్కు పగల్లేదు. ఇంకో దుప్పటి వేశాను. ఆ రాత్రి పైబస్తా విప్పి చూస్తే తెల్లగా ముత్యాల్లాంటి మొలకలు! మురిసిపోయి పడుకున్నాను. పొద్దున కప్పు తీస్తే పులిసిన కల్లు వాసన. అడుగు బస్తాలోకి మోచేతిదాకా చెయ్యి పెడితే చుర్రుమంది. గింజ వేళ్ల మధ్య మెత్తగా నలిగి గంజిలా జారింది. మొలిచే గింజ ఊపిరి తీస్తూ తనే వేడి పుట్టిస్తుందట. అది పోయే దారి మూసింది నేనే.

తాతయ్య వచ్చి పిడికెడు తీసి వాసన చూశారు. ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

వేరేచోట నారు కొనుక్కొచ్చి నాటేసరికి ఫిబ్రవరి. ఏప్రిల్ ఎండల్లో ఈనింది, వెన్నులు బయటికొచ్చాయి. వరి పువ్వు పొద్దుటిపూటే విచ్చుకుంటుంది, ఆ వేళకి ఎండ 35 దాటితే పుప్పొడి పనిచెయ్యదు. తూర్పారబడితే తాలంతా పక్కవాళ్ల కళ్లంలోకి ఎగిరిపోయింది. ఆ ఏడు మీ అమ్మకి సారె పంపలేదని మీ నాయనమ్మ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది చూడు, అది నా దుప్పట్ల పుణ్యమే.

అందుకే బస్తాలు పేర్చకు, సగం సగమే నింపి విడివిడిగా పడుకోబెట్టు. గోరువెచ్చటి నీళ్లు చిలకరించు, తిరగేస్తూ ఉండు. రాత్రి అలారం పెట్టుకుని లే, బద్ధకించకు! కొన్నావట కదా థర్మామీటరు, దాన్ని బస్తా నడిమిలోకి దించు. నమ్మకం కుదరకపోతే చెయ్యి పెట్టు.

మొలక చల్లాక ఆకుమడి మీద ప్లాస్టిక్ పట్టా రాత్రి కప్పి పొద్దున్నే తీసెయ్యాలి. తియ్యడం మరిచావంటే మళ్లీ నా కథే. చల్లబడిన నీళ్లు పొద్దున వదిలేసి కొత్తవి పెట్టు. ఆకు మీద తుప్పు మచ్చలొస్తే యూరియా గుమ్మరించకు, లీటరుకి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి కొట్టు. సంక్రాంతికి ఊడ్పులైపోవాలి.

మండె కట్టేరోజు చెప్పు, వచ్చేస్తాను. అరుగు మీద మంచం వెయ్యమను. దుప్పటి నేనే తెచ్చుకుంటాను, ఒక్కటే.

మీ మావయ్య