పగిలిన జాడీ పెంకులు తోటలో నిలవాలంటే

ఇంట్లో పగిలిన గాజుసీసాలు, పింగాణీ కప్పులతో పెరటి తోటకు అలంకరణలు చేసుకోవచ్చా, చేస్తే ఎండావానలకు ఎన్నాళ్లు ఆగుతాయి, అంత శ్రమ పడేకంటే బజారులో దొరికే బొమ్మను కొనుక్కోవడం నయమా అని మీరు అడిగారు. విజయనగరంలో మా పెరటిలో పదేళ్లకు పైగా అలాంటిదే ఒకటి ఉంది కాబట్టి అనుభవంతోనే చెబుతున్నాను. నిస్సంకోచంగా చేసుకోండి, జిగురుతో మాత్రం చేయకండి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటిన రోజున మా పెరటి వేపచెట్టు వేళ్లతో సహా కూలి వంటింటి పెంకుల కప్పు మీద పడింది. అలమరలో వరుసగా పెట్టుకున్న ఆవకాయ జాడీలు, మా అత్తగారు కాపురానికి వచ్చిన నాటి నుంచి దాచుకున్న నీలపు పూల కప్పులు, సాసర్లు నేల మీద ముక్కలై పడి ఉన్నాయి. మర్నాడు ఆవకాయ నూనెలో తడిసిన ఆ పెంకులను ఊడుస్తూ ఉంటే, ఆవిడ అందులోంచి పెద్ద జాడీ మూతను తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ కుప్పలో వేయలేక గట్టు మీద పెట్టారు. అంచు ఒకచోట విరిగింది కానీ పైనున్న పిడి చెక్కుచెదరలేదు. అది చూశాక ఆ పెంకులను పారబోయడానికి నాకూ మనసొప్పలేదు. అసలు పగిలిన గాజును ప్లాస్టిక్ కవరులో మూటగట్టి తడిచెత్తలో కలిపి పడేసే అలవాటే మంచిది కాదు. ఆ కవరును వట్టి చేతులతో విప్పే పారిశుద్ధ్య కార్మికులకు వేళ్లు తెగుతాయన్న ఆలోచన మన వీధుల్లో ఇప్పటికీ చాలామందికి రావడం లేదు.

పగిలిన వస్తువు ఇంట ఉంచుకోకూడదని చుట్టాలు అభ్యంతరం చెప్పారు. వారికి నేను చండీగఢ్‌లో చూసిన రాక్ గార్డెన్ గురించి చెప్పాను. రోడ్ల ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన నేక్‌చంద్ 1957లో ఎవరికీ తెలియకుండా మొదలుపెట్టి, విరిగిన పింగాణీ పాత్రలు, పాత టైల్సు, పగిలిన చేతిగాజులతో బొమ్మలు చేసుకుంటూ పోయారు. 1976లో ఆ తోటను జనం చూడడానికి తెరిచారు, 1984లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఒళ్లంతా గాజుముక్కలే చీరగా చుట్టుకున్న ఆ ఆడబొమ్మల వరుసను చూసినవారెవరూ పగిలిన వస్తువును అశుభమనరు.

వేపచెట్టు పోయిన చోట గుండ్రంగా ఇటుకలు కట్టించి మల్లెతీగ నాటాము. ఆ అరుగు చుట్టూ నేను మొదట తెల్లని జిగురుతో పెంకులు అతికించాను. పెద్దవాన ఒక్కటి కురిసేసరికి జిగురు పాలలా కారిపోయి సగానికి పైగా రాలిపోయాయి. వంటింటి కప్పు బాగుచేయడానికి వచ్చిన తాపీ మేస్త్రి అది చూసి, ఒక సాసరు ముక్కను బకెట్టు నీళ్లలో వేసి నా ముందు పెట్టారు. మెరుపు లేని విరిగిన అంచు నుంచి సన్నని బుడగలు పైకి లేచాయి. "గాజు నీల్లు తాగదమ్మా, ఇది తాగుతాది. తాగే దానికి ముందే తాగించీయాలి, లేపోతే సిమెంటులో నీరంతా ఇది లాగేస్తాది" అన్నారు. ఆ తరువాత నేను చదివిన వివరాలన్నీ ఆ రెండు మాటల్లోనే ఇమిడిపోయాయి.

మేము చేసిన పద్ధతి ఇది. ఒక పాలు సిమెంటుకు మూడు పాళ్లు జల్లెడ పట్టిన చంపావతి నది ఇసుక కలిపాము. పింగాణీ ముక్కలను అరగంట నానబెట్టి, గాజుముక్కల వెనుక భాగాన్ని, మెరుపు పూత ఉన్న పింగాణీ అడుగును సానరాయితో గరుకు చేశాము, ఎందుకంటే నున్నని పూతకు సిమెంటు పట్టుకోదు. రుద్దేటప్పుడు రాతిని, ముక్కను తడుపుతూనే ఉండాలి, పొడిగా రుద్దితే లేచే దుమ్ము ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. పెద్ద ముక్కలను గోనెసంచిలో చుట్టి సుత్తితో మెల్లగా కొడితే పెంకు కళ్లలోకి ఎగరదు. సిమెంటులో ముక్కను అదిమేటప్పుడు దాని అంచు కనీసం ఒక గింజ మందమైనా లోపలికి దిగాలి. అంచు పైకి తేలితే పిల్లల పాదం తెగుతుంది, రాలేవి కూడా ఆ ముక్కలే. పని పూర్తయ్యాక తడిపిన గోనెసంచులు కప్పి ఏడు రోజులు నీళ్లు చల్లాము. మే నెల ఎండలో ఈ పని పెట్టుకుంటే సిమెంటు బీటలు తీస్తుంది కాబట్టి, మార్గశిరం వచ్చాక మొదలుపెట్టడం మంచిది.

నీలపు పూలు మెరుపు పూతకు అడుగున వేసినవి కావడంతో ఇప్పటికీ అలాగే ఉన్నాయి. కప్పుల అంచున ఉన్న బంగారు గీత మాత్రం పూత మీద వేసినది కాబట్టి రెండు మూడేళ్లకే చెరిగిపోయింది. పాతకాలపు రంగు పూతల్లో సీసం ఉండవచ్చు కనుక ఆకుకూరల మడిలోనూ, పక్షులకు నీళ్లు పెట్టేచోటా వాటిని వాడవద్దు. కప్పులను ఒకదానిపై ఒకటి పేర్చి స్తంభాలు కట్టేవారు వాటిని బోర్లించే పేర్చాలి. వెల్లకిలా ఉన్న కప్పులో నిలిచిన గుక్కెడు నీళ్లలో డెంగీని వ్యాపింపజేసే ఏడెస్ దోమ గుడ్డు నుంచి రెక్కలు వచ్చేదాకా ఎదగడానికి వారం పది రోజులు చాలు. మట్టిలో పాతే సీసాలకూ ఇదే నియమం వర్తిస్తుంది, మూతి కిందికే ఉండాలి.

నాకు నిజంగా బాధ కలిగించేది మరొకటి ఉంది. ఈ మధ్య కొందరు కొత్త కప్పుల సెట్టు కొని, పగలగొట్టి, అతికించి, పాత వస్తువులతో చేశామని చెబుతున్నారు. బాగున్న పాత్రను పగలగొట్టడం నా దృష్టిలో తప్పు. ఇంట్లో పగిలినవి చాలకపోతే చుట్టుపక్కల ఇళ్లలో అడగండి, టైల్సు అమ్మే దుకాణాల వెనుక పడేసిన ముక్కలు తెచ్చుకోండి, ఏడాది ఆగినా ఫరవాలేదు. మా అరుగు పూర్తి కావడానికి పద్నాలుగు నెలలు పట్టింది, అందులో నాలుగు వీధుల కప్పులు ఉన్నాయి. బజారులో కొన్న బొమ్మలో ఇది ఎవరి ఇంటిదో చెప్పగలిగే ముక్క ఒక్కటీ ఉండదు.

ఇంతవరకు మా అరుగు నుంచి రాలినవి ఏడు ముక్కలు, ఏడూ నేను అడుగు గరుకు చేయకుండా తొందరపడి పెట్టిన సీసా పెంకులే. జాడీ మూతను మేము ముక్కలు చేయలేదు, విరిగిన అంచును సిమెంటులోకి దించి పిడి పైకి ఉండేలా తూర్పు వైపున బిగించాము. సాయంత్రం మల్లెలు కోయడానికి వంగేటప్పుడు మా అత్తగారు ఆ పిడి మీదే చేయి ఆనించుకుంటారు.