ఫిన్లాండా, స్వీడనా అని నన్ను అడిగారు. అబ్బాయిని అడిగారా?

ప్రశ్న: మా అబ్బాయి ఈసీఈ పూర్తి చేశాడు. ఫిన్లాండ్‌లో టాంపెరే యూనివర్సిటీ, స్వీడన్‌లో చాల్మర్స్ యూనివర్సిటీ, రెండు చోట్లా మాస్టర్స్ సీటు వచ్చింది. అమెరికా వీసా టెన్షన్ పడలేక ఇటు చూస్తున్నాం. సంతోషంలో ఫిన్లాండే నంబర్ వన్ అంటున్నారు. జీవితం ఎక్కడ బాగుంటుంది? ఎకరం అమ్మైనా పంపిస్తాను. వాళ్లమ్మ మాత్రం చీకటి, చలి అని బెంగపడుతోంది.
– ఒక తండ్రి, గుంటూరు జిల్లా

జవాబు: ఈ మధ్య నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది ఆ నంబర్ వన్ మాటతోనే మొదలుపెడుతున్నారు. నిజమే, ఏటా వచ్చే ప్రపంచ సంతోష నివేదికలో 2018 నుంచి 2025 దాకా ఫిన్లాండ్‌దే మొదటి స్థానం. 2025లో స్వీడన్‌ది నాలుగు. ఆ ర్యాంకు ఎలా వస్తుందంటే, అక్కడ ఉండేవాళ్లను మీ జీవితానికి పదికి ఎన్ని మార్కులు వేసుకుంటారని అడిగి సగటు తీస్తారు. ఇల్లూ ఉద్యోగమూ ఉండి, ఆ భాషలోనే పుట్టి పెరిగినవాళ్ల మార్కులే అందులో ఎక్కువ. రెండు సూట్‌కేసులతో దిగే మీవాడికి అవి వర్తించవు.

చదువుకునే రోజుల వరకైతే ఫిన్లాండ్ కాస్త సుఖం. క్యాంపస్‌లో మధ్యాహ్న భోజనం దాదాపు 3 యూరోలకే దొరుకుతుంది. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 2 ఏళ్ల పర్మిట్ ఇస్తారు. స్వీడన్‌లో అది 12 నెలలే. పైగా అక్కడ పెద్ద ఊళ్లలో అద్దె గది దొరకడమే గగనం.

అసలు కథ చదువయ్యాక మొదలవుతుంది. ఫిన్నిష్ మన తెలుగులాగే విభక్తులు అంటించుకునే భాష. ‘తాలో’ అంటే ఇల్లు, ‘తాలోస్సా’ అంటే ఇంట్లో, ‘తాలోస్తా’ అంటే ఇంట్లోంచి. వినడానికి ముచ్చటగానే ఉంటుంది కానీ, ఉద్యోగానికి సరిపడా రావాలంటే ఏళ్లు పడుతుంది. స్వీడిష్ ఇంగ్లిష్‌కి చుట్టం, త్వరగా పట్టుబడుతుంది. ‘అక్కడ అందరికీ ఇంగ్లిష్ వచ్చు’ అని ఏజెంట్లు చెప్పేది కొట్లో పాలు కొనడానికి నిజం. ఇంటర్వ్యూల్లో చాలాచోట్ల స్థానిక భాష అడుగుతారు.

అమెరికా కాకపోతే నార్డిక్, అంటే స్వీడన్, ఫిన్లాండ్ లాంటి ఉత్తర ఐరోపా దేశాలు, అనే ఈ కొత్త మోజు మీద నాకు అనుమానాలున్నాయి. ఉచిత చదువు అన్నది మన పిల్లలకు స్వీడన్‌లో 2011లోనే, ఫిన్లాండ్‌లో 2017లో పోయింది. ఫిన్లాండ్ పౌరసత్వానికి ఉండాల్సిన కాలాన్ని 2024లో 5 ఏళ్ల నుంచి 8కి పెంచారు. రెండు దేశాల్లోనూ నిరుద్యోగం తక్కువేం లేదు. పార్ట్‌టైమ్‌తో ఫీజు కట్టేయొచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి. తెల్లవారుజామున మంచులో పేపర్లు వేసి, తొమ్మిదింటికి క్లాసులో కునికే పిల్లల సంగతి వాళ్ల నోటే విన్నాను.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. మీ ఉత్తరంలో ర్యాంకుంది, వీసా ఉంది, ఎకరం ఉంది. అబ్బాయికి ఏ సబ్జెక్టు ఇష్టమో ఒక్క ముక్క లేదు. అది తేలకుండా పొలం బేరం పెట్టడం తప్పండీ. వాడికి చిప్ డిజైన్ ఇష్టమైతే టాంపెరే పంపండి. అక్కడ యూనివర్సిటీ, నోకియా కలిసి చిప్‌ల మీద పని చేస్తున్నాయి. కార్ల ఎలక్ట్రానిక్స్ అంటే మక్కువైతే చాల్మర్స్ ఉన్న గోథెన్‌బర్గ్ వోల్వో కార్ల కంపెనీ ఊరు. ఏ దేశమైనా భాష మాత్రం ఇక్కడి నుంచే మొదలుపెట్టించండి.

అమ్మగారికి చెప్పండి: ఇళ్ల లోపల వెచ్చగా ఉంటుంది, కుళాయి నీళ్లు నేరుగా తాగొచ్చు. చీకటి మాత్రం నిజం. డిసెంబరు మూడో వారంలో టాంపెరేలో పగలు ఐదున్నర గంటలకు మించదు. గోథెన్‌బర్గ్‌లో ఇంకో గంట ఎక్కువ, అంతే. జూన్‌లో అదే ఊళ్లలో రాత్రి పదింటికీ వెలుగుంటుంది. మొదటి చలికాలం గడిస్తే పిల్లలు చాలావరకు అలవాటు పడిపోతారు. డిసెంబరులో మీరు రాత్రి 8కి భోజనానికి కూర్చునేసరికి టాంపెరేలో సాయంత్రం నాలుగున్నర, పొద్దు గుంకి గంటన్నర అయి ఉంటుంది. రోజూ ఆ టైముకే ఫోన్ చేయండి. ఉద్యోగం సంగతి ఎత్తకుండా, ఏం వండుకున్నావని అడగండి.