చవక స్నేర్ డ్రమ్ సీరియస్‌గా వాయించేవాళ్లకు పనికొస్తుందా?

పనికొస్తుంది, కాకపోతే కొన్న రోజు ఉన్నట్టుగా కాదు. స్నేర్ అంటే కింది పొరకు ఆనుకుని తీగలు ఉండే డ్రమ్. చవక స్నేర్‌లో ఎక్కువసార్లు ధ్వనిని చెడగొట్టేది షెల్ (డ్రమ్ గుండ్రటి గోడ) కాదు, దాని మీద వచ్చే హెడ్లు (పైనా కిందా బిగించే పొరలు), కింద ఉండే తీగలు. నా మొదటి స్టీల్ స్నేర్ రేకు డబ్బా మోగినట్టు మోగేది. పైన రెమో కంపెనీ కోటెడ్ అంబాసిడర్ హెడ్, కింద పల్చటి స్నేర్ సైడ్ హెడ్, మంచి 20 తీగల సెట్ వేశాక అదే డ్రమ్మా అనిపించింది. కింది హెడ్ మందం 3 మిల్ (మిల్ అంటే మిల్లీమీటర్ కాదు, అంగుళంలో వెయ్యో వంతు) ఉంటే చాలు. అక్కడ మందం పెరిగితే మెల్లగా కొట్టే ఘోస్ట్ నోట్లకు తీగలు పలకవు.

లుడ్విగ్ కంపెనీ అక్రోలైట్ స్నేర్ సంగతే చూడండి. 1960లలో విద్యార్థుల కోసం తెచ్చిన 14 అంగుళాల అల్యూమినియం డ్రమ్ అది, లగ్గులు (హెడ్ బిగించే మరలు పట్టే దిమ్మలు) ఎనిమిదే. తర్వాత ప్రొఫెషనల్స్ కూడా స్టూడియోల్లో వాడారు.

అయితే కొన్ని లోపాలకు మందు లేదు. కొనేముందు హెడ్ విప్పించి (షాపువాడు విసుక్కున్నా సరే) షెల్‌ను చదునైన గాజు పలక మీద బోర్లించి, లోపల ఫోన్ లైటు వేయండి. అంచు కింద నుంచి వెలుతురు కారితే బేరింగ్ ఎడ్జ్ (హెడ్ ఆనే షెల్ అంచు) వంకర. అలాంటి డ్రమ్ మరలు ఎంత తిప్పినా ట్యూన్ కాదు. త్రోఆఫ్ మీటను (తీగలను హెడ్‌కు ఆనించి, వదిలించేది) పదిసార్లు వేసి తీయండి. జారుతుంటే పాట మధ్యలో తీగలు వదులైపోతాయి. రిమ్‌షాట్లు (పుల్లతో హెడ్‌నూ అంచు రింగునూ ఒకేసారి కొట్టడం) ఎక్కువ కొడతారా? పల్చటి హూప్ (హెడ్‌ను బిగించి ఉంచే ఆ రింగు) తీసేసి 2.3 మిల్లీమీటర్లది వేయించుకోండి.